అర్థము కాదను మాట

మొన్న నొక విశ్వవిద్యాలయమున ఎం.ఎస్సీ. మొదటి సంవత్సరపు విద్యార్థులకు స్వాగతము పలుకు సభలో, భౌతికశాస్త్రమును చిరకాలముగా బోధించుచున్న పెద్ద యొకరు లేచి, క్వాంటమ్ యాంత్రికశాస్త్రము ఎవరికిని అర్థము కాదనియు, కావలసిన పనియు లేదనియు, సమీకరణమును సాధించి సమాధానము రాబట్టినచో చాలుననియు సెలవిచ్చిరి. సభ చప్పట్లు కొట్టెను. ముందువరుసలో కొత్త నోటుపుస్తకపు మొదటి పుట తెరచి పెట్టుకొని కూర్చున్న యొక బాలిక ఆ మాట విని కలమునకు మూత పెట్టెను. అది చూచినది మొదలు నా కోపము చల్లారలేదు.

ఈ మాటకు ప్రమాణముగా ఇట్టివారు భౌతికశాస్త్రజ్ఞుడైన ఫైన్‌మన్ పేరు చెప్పుదురు. 1964లో కార్నెల్ విశ్వవిద్యాలయమున నిచ్చిన ఉపన్యాసములలో ఆయన ఇట్టి యర్థము వచ్చునట్లు పలికిన మాట నిజమే. ఎరిగిన వస్తువులతో పోల్చి చూచినచో ఈ ప్రకృతి చిక్కదని ఆయన హెచ్చరిక, ప్రశ్నింపవలదని కాదు. ఆయనయే తన పాఠముల మూడవ సంపుటమును రెండు రంధ్రముల ప్రయోగముతో నారంభించి, మెట్టు మీద మెట్టుగా విద్యార్థిని చేయిపట్టి నడిపించెను. వీరు ఆ నడిపించుటను విడిచి ఆ ఒక్క మాటను పట్టుకొనిరి.

అర్థమగుట యననేమో చూపెదను. రెండు పోలరాయిడ్ పలకలను, ఒకదాని యక్షము మరియొకదానికి లంబముగా నుండునట్లు, దీపమున కెదురుగా పట్టుడు, వెలుగు రాదు. ఆ రెంటినడుమ మూడవ పలకను నలుబదియైదు డిగ్రీల వాలున దూర్చుడు. చీకటిగా నున్నచోట వెలుగు కనబడును. మొదటి పలక దాటిన కాంతిలో, పలకలు నిర్దుష్టములైనచో, తరువాతి పలక యొక్కొక్కటియు సగమునే దాటనిచ్చుటచేత, నాలుగవ వంతు చివరివరకు వచ్చును. కాంతిని తరంగమనుకొన్నంతవరకు ఇది పాత లెక్కయే. కాని కాంతి ఒక్కొక్క ఫోటానుగా వచ్చినప్పుడు సగము ఫోటాను దాటుట యనునది లేదు. దాటును, లేదా దాటదు. అప్పుడు ఆ సగమను సంఖ్య సంభావ్యతగా మారును. 1926లో మాక్స్ బార్న్ చెప్పిన సంభావ్యతాసూత్రమునకు ద్వారమిదియే. పదునైదు నిమిషముల పని. ఇందులో అర్థము కానిదేమి?

నా విద్యార్థిదశలో మా యుపాధ్యాయు డొకరు పెట్టెలోని కణమను లెక్కను నల్లబల్లమీద నలుబది నిమిషములలో సాధించిరి. శక్తి, స్థితుల క్రమసంఖ్యయగు ఎన్ వర్గమునకు అనుపాతమని తేలినది. ఎన్ సున్న యేల కారాదని యడిగితిని. పరీక్షలో అది రాదు, కూర్చుండు మనిరి. వీణతంత్రి రెండు కొనలయందును కట్టబడి యుండుటచేత అర్ధతరంగములు పూర్ణసంఖ్యలో సరిపోవునవే నిలుచునని, పెట్టెలోని కణపు తరంగమును అట్టిదేయని, ఎన్ సున్నయైనచో తరంగప్రమేయము అంతటను సున్నయై కణమెక్కడను లేకుండునని, కనుక బంధింపబడిన కణము నిశ్చలముగా నుండజాలదని రెండు వాక్యములలో చెప్పియుండవచ్చును. తంత్రిని సగము చేసినచో శ్రుతి రెట్టింపగును. పెట్టెను సగము చేసినచో శక్తి నాలుగురెట్లగు నెందుకని అడిగియుండవచ్చును. శక్తి ద్రవ్యవేగపు వర్గముననుసరించునని తరగతి తానే కనుగొనియుండును. అది జరుగలేదు. ఆ సూత్రమును కంఠస్థముచేసి మార్కులు తెచ్చుకొంటిమి. ఆ ప్రశ్నకు సమాధానము నాకు చిక్కుటకు ఆరేండ్లు పట్టెను. ఆ ఆరేండ్ల నష్టమును నేటికిని క్షమింపలేకున్నాను.

 

లెక్క వచ్చిన చాలునను వారు ఢాకా కథ నొకమారు తలచుకొందురు గాక. నల్లవస్తువు వెలువరించు కాంతినిగూర్చి ప్లాంకు చెప్పిన సూత్రము 1900 నుండియు ప్రయోగములతో సరిపోవుచునే యుండెను. సమాధానము చేతిలో నున్నను, దానిని రాబట్టు తర్కమున అతుకులు కనబడి తృప్తిపడక, ఢాకా విశ్వవిద్యాలయమున పాఠములు చెప్పుకొనుచున్న సత్యేంద్రనాథ బోసు 1924లో కొత్త యుపపత్తిని రచించి ఐన్‌స్టీనునకు పంపెను. ఐన్‌స్టీను దానిని స్వయముగా జర్మను భాషలోనికి మార్చి ప్రకటింపజేసెను. ఎవరికిని అర్థము కాదని బోసుతో ఎవరైన చెప్పి, ఆయన నమ్మియుండినచో?

నేను కోరునది ఇది. మొదటి నెలలో నల్లవస్తువు, బోరు పరమాణువు మొదలగు చరిత్రను ఇంటివద్ద చదువుకొననిచ్చి, తరగతిని పలకలతోడను, 1922లో ఫ్రాంక్‌ఫర్టున స్టెర్న్, గెర్లాక్ వెండిపరమాణువుల ధారను విషమాయస్కాంతక్షేత్రము గుండ పంపినప్పుడు నిరంతరమైన పట్టీకి మారుగా రెండుగా చీలిన ముద్రతోడను ఆరంభింపవలెను. మాత్రికలు ఆపైని రావలెను. పరీక్షాపత్రము సంగతి తరువాత తేల్చుకొనవచ్చును.

ఆ బాలిక తరగతి యే గదిలో జరుగునో కనుగొంటిని. మూడు పలకలును, ఒక చేతిదీపమును సంచిలో పెట్టుకొంటిని.