గో-వెంట్-గాన్ ఎక్కం కాదు

సంపాదకులకు,

మూడో తరగతి చదువుతున్న మా మనవరాలు సెలవులకి వచ్చింది. బట్టలతో పాటు హోంవర్కూ తెచ్చుకుంది. అరవై ఇంగ్లీషు క్రియలు, వి-వన్, వి-టూ, వి-త్రీ, ఒక్కోటి ఐదేసి సార్లు రాయాలట. వరండాలో ఊగుతూ "గో వెంట్ గాన్, ఈట్ ఏట్ ఈటెన్" అని చదువుతుంటే పక్కింటావిడ ముచ్చటపడి, ఎంత గడగడా అప్పజెబుతోందో అంది. మధ్యాహ్నం నేను ఇంగ్లీషులోనే అడిగాను, పొద్దున ఇడ్లీ ఎందుకు వదిలేశావని. "ఐ డిడ్‌నాట్ ఏట్. చట్నీ స్పైసీ" అంది. మళ్లీ తనే సర్దుకుని, "ఐ ఈటెడ్ ఓన్లీ వన్" అంది. ఏట్, ఏట్ అని ఐదుసార్లు రాసిన సిరా ఇంకా ఆ వేళ్లకే ఉంది.

జిల్లా పరిషత్ హైస్కూల్లో ముప్పై ఏళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. అలాంటి క్రియల పట్టికలు నేనూ వల్లె వేయించాను. ఆ పాపంలో నా వాటా ఒప్పుకుంటూనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు "ఈటెడ్" సంగతి. దీన్ని ఎర్రసిరాతో కొట్టేస్తాం. కానీ ఆ మాట పిల్లకి ఎవరూ నేర్పలేదు. ప్లేడ్, జంప్డ్, వాక్డ్ విని సూత్రం తనే పట్టుకుంది. మా అబ్బాయి చిన్నప్పుడు "కోతి నన్ను చూడింది" అనేవాడు. ఆడు-ఆడింది, పాడు-పాడింది అయినప్పుడు చూడు-చూడింది ఎందుకు కాకూడదు? మేం నవ్వి, "అవునా, కోతి చూసిందా? తర్వాతేం చేసింది?" అనేవాళ్లం. కొన్నాళ్లకి వాడే "చూసింది" అన్నాడు. పలక మీద ఐదుసార్లు ఎవరూ రాయించలేదు.

1958లో జీన్ బెర్కో అనే అమెరికన్ పరిశోధకురాలు చిన్నపిల్లల ముందు బొమ్మలు పెట్టి, లేని మాటలతో ఆడించింది. ఈయనకి "గ్లింగ్" చేయడం వచ్చు, నిన్న కూడా అదే చేశాడు, నిన్న ఏం చేశాడు? పిల్లల్లో ఎక్కువమంది "గ్లింగ్డ్" అన్నారు. ఎక్కడా వినని మాటకి భూతకాలం కట్టారంటే అది బట్టీ కాదు కదా.

అలాగని సూత్రం ఒక్కటే చాలదు. గో నుంచి వెంట్‌కి తీసుకెళ్లే సూత్రం ఏదీ లేదు, అది జ్ఞాపకం ఉండాల్సిందే. ఇంగ్లీషులో అన్నిటికంటే ఎక్కువ తిరిగే క్రియలు, బీ, హావ్, డూ, సే, గో, గెట్, మేక్, అన్నీ దారితప్పినవే. రోజూ నోట్లో నానుతాయి గనుకే పాతరూపం పోగొట్టుకోలేదు. వాడకం తక్కువైనవి మెల్లగా "-డ్" వరసలోకి వచ్చాయి. హెల్ప్‌కి ఒకప్పుడు "హోల్ప్" అనే రూపం ఉండేది, ఇవాళ హెల్ప్డ్. పాత ఇంగ్లీషులోని 177 మొండి క్రియల జాడ తీస్తే ఈనాటికి 98 మాత్రమే అలా మిగిలాయని 2007లో లెక్క కట్టారు. వాటిని ఇంతకాలం నిలబెట్టింది వినికిడే. మన పిల్లలకి ఇంట్లో ఇంగ్లీషు వినపడదు. తెలంగాణ సర్కారు బడుల్లో 2022-23 నుంచి ఇంగ్లీషు మీడియం వచ్చింది, అక్కడ చాలామందికి క్లాసులో విన్నదే వినికిడి. ఆ నలభై నిమిషాల క్లాసూ పట్టికకి పోతే ఇంక వినేదెప్పుడు?

పట్టికతో ఇంకో చిక్కు. మూడు రూపాలూ ఒకే గుక్కలో వస్తే, వాక్యంలో ఏది పెట్టాలో పిల్లకి తెలియదు, నోటికి ఏది అందితే అది పెడుతుంది. "డిడ్‌నాట్ ఏట్" అలా పుట్టిందే. దీనికి మందు మన తెలుగులోనే ఉంది, నాకు సర్వీసు చివర్లో తట్టింది. "వచ్చాడు" అంటాం. లేదంటే? "రాలేదు". "వచ్చలేదు" అని ఏ పిల్లా అనదు. కాదనగానే మన క్రియ కూడా కాలాన్ని విడిచి మొదటికే పోతుంది: తిన్నాను-తినలేదు, చూశాను-చూడలేదు. ఏట్-డిడ్‌నాట్ ఈట్, కేమ్-డిడ్‌నాట్ కమ్ అచ్చం అదే తీరు. బోర్డు మీద ఈ రెండు వరసలూ పక్కపక్కన రాసిన రోజు, వెనక బెంచీ కుర్రాడొకడు "అయితే డిడ్‌నాట్ అంటే మన లేదు అన్నమాట" అన్నాడు. అంతకంటే బాగా నేను చెప్పలేకపోయేవాణ్ణి. ప్రశ్న దగ్గర మాత్రం ఈ పోలిక పనికిరాదు. మనం "తిన్నావా" అంటాం, వాళ్లు "డిడ్ యూ ఈట్" అంటారు. అది విడిగా చెప్పుకోవాల్సిందే. ఇంగ్లీషు క్లాసులో తెలుగు వినపడితే ఫైన్ వేసే బళ్లు ఈ సులువుని చేతులారా పారేసుకుంటున్నాయి.

ఎక్కాలు బట్టీ పట్టిస్తాం కదా, ఇవెందుకు పట్టించకూడదు అంటారు తల్లిదండ్రులు. ఏడెనిమిదులు ఎక్కడ అడిగినా యాభయ్యారే. ఈట్ అలా కాదు, నిన్న అయితే ఏట్, డిడ్ వస్తే మళ్లీ ఈట్. మూడో తరగతికి ఇరవై క్రియలు చాలు, వి-త్రీ జోలికే పోనక్కర్లేదు. రోజూ పది నిమిషాలు నిన్నటి కబుర్లు చెప్పించండి. "ఐ గోడ్ టు సంత" అంటే "ఓహో, యూ వెంట్ టు ద సంత? వాట్ డిడ్ యూ బై?" అనండి చాలు. నలభై మంది ఉన్న క్లాసులో అందరి వంతూ రాదు, నిజమే. రోజుకి నలుగురు చెప్పినా తక్కిన ముప్పై ఆరుగురూ వింటారు.

టీచర్లు ఒప్పుకున్నా పరీక్ష ఒప్పుకోదు. క్రియ ఇచ్చి ఎదురుగా వి-టూ, వి-త్రీ రాయమనే ప్రశ్న ఉన్నంతకాలం పట్టిక ఉంటుంది. పేపరు తయారుచేసే వాళ్లు ఆ ప్రశ్న తీసేసి, నాలుగు బొమ్మలిచ్చి నిన్న ఏం జరిగిందో నాలుగు ముక్కలు రాయమనాలి. "ఈటెడ్" అని రాసినవాడికి సగం మార్కన్నా వేయమని నా మనవి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఇంగ్లీషు టీచరు,
జనగామ