కార్డు కాదు, ఖామోషీ ముంచుతోంది

"క్రెడిట్ కార్డుతో ఆన్‌లైన్‌లో కొంటే పైసలు పోతాయంట కదా భాయ్?" రంజాన్ షాపింగ్ మొదలైతే చాలు, తెలిసినవాళ్లంతా నన్ను అడిగే సవాల్ ఇదే. నా జవాబ్ సీదాగా చెప్తా. కార్డు మనం అనుకున్నంత ఖతర్నాక్ కాదు. మన ఇళ్లలోని రెండు ఆదత్‌లే ఖతర్నాక్.

ముందు కార్డు సంగతి. డెబిట్ కార్డు మోసగాళ్ల చేతిలో పడితే మన ఖాతాలోని సొంత పైసలు అప్పటికప్పుడే పోతాయి. ఇంటి కిరాయి, పిల్లల ఫీజు ఆగిపోతాయి. క్రెడిట్ కార్డులో ముందు పోయేది బ్యాంకు సొమ్ము. 'ఈ ఖర్చు నాది కాదు' అని బిల్లు కట్టకముందే ఫిర్యాదు చేసే మోకా మనకుంటుంది. 2022 అక్టోబర్ 1 నుంచి మన షాపింగ్ సైట్లు కార్డు నంబర్‌ను దాచుకోకూడదు. దాని బదులు టోకెన్ అనే మారు నంబరే పెట్టుకోవాలి. కొన్ని విదేశీ సైట్లు మాత్రం ఓటీపీ అడగకుండానే పైసలు లాగేస్తాయి. అందుకే బ్యాంకు యాప్‌లో ఇంటర్నేషనల్ లావాదేవీలు బంద్ చేసి పెట్టండి. ఆన్‌లైన్ ఖర్చుకు లిమిట్ కూడా అక్కడే పెట్టుకోవచ్చు.

సూద్ భయం ఉన్నవాళ్లకు ఒక మాట. గడువులోగా బిల్లు మొత్తం కడితే కొన్న సామాన్ల మీద సూద్ పడదు. 'మినిమమ్ డ్యూ' కట్టి ఊరుకుంటే పడుతుంది. మొత్తం కట్టే తాకత్ లేనివాళ్లకు ఈ కార్డే వద్దు.

ఇక మొదటి ఆదత్. కార్డు అబ్బాది, ఓటీపీ వచ్చే ఫోన్ అమ్మీ చేతిలో, ఆర్డర్ పెట్టేది భాంజా. "నంబర్ చెప్పు ఖాలా" అంటే అమ్మీ చదివి వినిపిస్తుంది. ఇంట్లో అది మొహబ్బతే. కానీ అలా చెప్పడానికి అలవాటైన మనిషి, రేపు "బ్యాంకు నుంచి మాట్లాడుతున్నా" అన్న అజ్నబీకి కూడా చెప్పేస్తుంది. ఓటీపీ అమానత్ లాంటిది. ఎవరి కార్డో వాళ్లే పక్కన కూచుని, మెసేజ్‌లో ఎంత మొత్తం, ఏ దుకాణం అని చదివి, తామే కొట్టాలి.

రెండోది ఖామోషీ. పైసలు పోయిన ఆడవాళ్లు 'షౌహర్ ఏమంటాడో' అని దాస్తారు. పెద్దవాళ్లు 'బేఇజ్జతీ' అని దాస్తారు. ఆ దాచడమే అసలు నష్టం. 2017 జులై 6 నాటి రిజర్వ్ బ్యాంకు సర్క్యులర్ చూడండి. మన తప్పు గానీ బ్యాంకు తప్పు గానీ లేకుండా బయటివాళ్లు చేసిన మోసాన్ని, బ్యాంకు నుంచి మెసేజ్ అందాక 3 పనిదినాల్లో చెబితే మన మీద ఒక్క పైసా భారం పడదు. 4 నుంచి 7 రోజులైతే కొంత మనమే భరించాలి. ఓటీపీ మనమే ఇచ్చి మోసపోయినా, ఫిర్యాదు చేశాక జరిగే నష్టం బ్యాంకుదే. తప్పు మనదని సాబిత్ చేయాల్సింది కూడా బ్యాంకే. ఇంత హక్ చేతిలో ఉండి, షరమ్‌తో మూడు రోజులు పోగొట్టుకుంటున్నాం.

అందుకే అబ్బాలకు, షౌహర్లకు, బేటాలకు నా గుజారిష్. ఇంట్లో ఎవరైనా వణుకుతూ "పైసలు పోయాయి" అంటే ముందు కార్డు బ్లాక్ చేయించండి. 1930కి ఫోన్ చేయండి. బ్యాంకు ఇచ్చే ఫిర్యాదు నంబర్ రాసి పెట్టుకోండి. గుస్సా తర్వాత చూసుకోవచ్చు. ఈరోజు తిడితే, ఈసారి పోయినప్పుడు మీకు చెప్పేవాళ్లే ఉండరు.