చెరిపినంతనే చెరిగిపోతుందా?

హైదరాబాద్‌కు చెందిన కంట్రోల్‌ఎస్ సంస్థ 2025లో కోల్‌కతా న్యూటౌన్‌లో డేటా కేంద్రాన్ని ప్రారంభించింది. ఇటువంటి కేంద్రాలు పెరగడం హర్షణీయమే. అయితే వాటిలో చేరిన సమాచారం ఎప్పుడు, ఎలా తొలగుతుందన్న ప్రశ్నకు తగిన ప్రాధాన్యం లభించడం లేదు.

క్లౌడ్‌లో దాచిన ఫైలును చెరిపివేసినా, దాని నకళ్లు ఇతర సర్వర్లలోనూ, బ్యాకప్‌లలోనూ కొంతకాలం మిగిలి ఉండవచ్చు. అద్దె డిస్కును ధ్వంసం చేసే అధికారం ఖాతాదారుకు లేదు. అందుచేత సమాచారాన్ని ముందే సంకేత రూపంలోకి మార్చి, దాని తాళంచెవిని తన వద్దే ఉంచుకోవడం ఉత్తమం. ఆ తాళంచెవిని నాశనం చేస్తే మిగిలిన నకళ్లు నిరుపయోగమవుతాయి.

పౌరుడు సమ్మతిని ఉపసంహరించుకున్నా, ప్రయోజనం నెరవేరినా, ఇతర చట్టాల రీత్యా నిల్వ అవసరమైతే తప్ప, సంస్థ అతని సమాచారాన్ని తొలగించాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలోని 8వ సెక్షన్ నిర్దేశిస్తోంది. తన తరఫున దానిని నిర్వహించేవారి చేత కూడా తొలగింపజేయాలి. 2025 నవంబరులో నియమావళి వెలువడినా, ఈ బాధ్యతల అమలుకు 18 నెలల గడువు ఇచ్చారు.

గడువును సాకుగా చేసుకోవడం తగదు. బ్యాకప్‌లు ఎన్ని రోజుల్లో తొలగుతాయో ఒప్పందంలోనే రాయించుకోవాలి. అప్పు తీరాక ప్రామిసరీ నోటును వెనక్కి తీసుకునే జాగ్రత్త మనకు కొత్త కాదు. సమాచారం విషయంలోనూ నోటిమాట చాలదు, రుజువు కావాలి.