గోలకొండకు విద్యార్థి యాత్రలు

శీతకాలము ప్రవేశించినది మొదలు సంక్రాంతి సెలవుల వఱకు తెలుగు జిల్లాల నుండి హైదరాబాదునకు విద్యార్థుల బస్సులు బారులు తీరి వచ్చుచుండును. తెల్లవాఱకమునుపే యూరు విడిచిన బిడ్డలు ఉదయమున చార్మినారును, పిమ్మట సాలారుజంగు ప్రదర్శనశాలను, మధ్యాహ్నమున గోలకొండను, సాయంకాలమున హుస్సేనుసాగరమును జూచి, చీకటి పడిన వెనుక నానక్‌రామ్‌గూడ పరిసరములందలి గాజుమేడల దీపములను బస్సు కిటికీలలో నుండి చూచుచు ఇంటిదారి పట్టుదురు. ఒక్క దినమున ఇన్ని వింతలు చూపితిమని ఉపాధ్యాయులు సంతసింతురు. చెల్లించిన రుసుమునకు తగిన ఫలము దక్కినదని తలిదండ్రులు తృప్తి పడుదురు. మఱునాడు ఆ బాలుని పిలిచి, ఏమి చూచితివని యడిగినచో చాల చూచితిననును. ఏమి తెలిసికొంటివని యడిగినచో ఊరకుండును. ఈ మౌనమే నేటి మా వ్రాతకు కారణము.

యాత్రలు వలదని మేము చెప్పుట లేదు. పుస్తకములోని చరిత్రము కాలికి తగిలిన రాయి వలె నిజమగుట యాత్ర వలననే సాధ్యము. కాని మన పెద్దలు కాశికిగాని రామేశ్వరమునకుగాని పోవునపుడు బయలుదేరుటకు ముందే క్షేత్రమాహాత్మ్యమును వినెడివారు. ఏ రేవున మునుగవలయునో, ఏ సన్నిధిని ముందు సేవింపవలయునో యెఱిగి పోయెడివారు. తిరిగివచ్చి ఇరుగుపొరుగు వారిని కూర్చుండబెట్టుకొని చెప్పెడివారు. వినుట, చూచుట, చెప్పుట యను మూడును కూడినప్పుడే అది యాత్ర. నేటి విద్యార్థి యాత్రలలో చూచుట యొక్కటియే మిగిలినది; అదియు పరుగున జరుగుచున్నది.

ఒక్క దినమునకు ఒక్క పాఠము చాలునని మా యభిప్రాయము. నానక్‌రామ్‌గూడ వద్ద ఆరంభించి గోలకొండ కోటలో ముగించిన యెడల, పది మైళ్లు కూడ లేని ఆ దారియే దినమునకు సరిపడు పాఠమగును. నానక్‌రామ్‌గూడ మొన్నమొన్నటి వఱకు రాతిగుట్టల నడుమ నున్న పల్లె. నేడచట కంప్యూటరు సంస్థల కార్యాలయములును, ద్రవ్యసంస్థల సౌధములును ఆకసము నంటుచున్నవి. మిగిలియున్న గుట్టల లోని నల్లసేనపు రాయి వయస్సు సుమారు 250 కోట్ల యేండ్లని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. గోలకొండ బురుజులకు వాడిన రాయియు అట్టిదే. ఒకే జాతి రాతిపై రెండు కాలముల వారు రెండు విధములైన నగరములను నిలిపిరని బాలురకు చెప్పుటకు ఇంతకంటె తగిన చోటు లేదు.

ఆ మేడలను చూపి, మీరును ఇట్టి చోట ఉద్యోగము సంపాదింపవలెనని చెప్పుట నేటి యాచారము. చెప్పవచ్చును, కాని వానిని కట్టిన చేతులను గూర్చియు చెప్పవలెను. 2016 డిసెంబరు 8వ తేది రాత్రి ఇదే నానక్‌రామ్‌గూడలో నిర్మాణములో నున్న ఏడంతస్తుల భవన మొకటి కూలి పదునొకండుగురు మరణించిరి. పొట్టకూటికై దూరప్రాంతముల నుండి వలసవచ్చిన కూలివారి కుటుంబములు దాని క్రింద నలిగిపోయినవి. కోటను కట్టించిన వాని పేరు చరిత్రమున నిలుచును, రాయి మోసిన వాని పేరు నిలువదు. నాటికిని నేటికిని మాఱని యీ సంగతి పదునాలుగేండ్ల బాలుని మనస్సున నాటినచో, రేపు వాడు ఇంజనీరైనను భూస్వామియైనను కొంత మేలగును.

కోట వాకిట నిలిచి చప్పట్లు చరచి, ఆ ధ్వని కొండ శిఖరమున బాలాహిసారు వద్ద వినిపించుట చూచి బిడ్డలు కేరింతలు కొట్టుదురు. కొట్టనిండు, కాని అచట ఆగరాదు. శత్రువు వాకిలి చేరిన వార్త శిఖరమున కందుటకై చేసిన యేర్పాటది యని చెప్పవలెను. పిమ్మట నీటిని గూర్చి యడుగవలెను. అంత యెత్తున నున్న మందిరములకు నీరెట్లెక్కినది? చక్రయంత్రములతో అంచెలంచెలుగా తొట్లలోనికి తోడి, మట్టి గొట్టముల ద్వారా పంచిపెట్టిరి. గోడలలో ఆ గొట్టములు నేటికిని కానవచ్చును. కోటకు నీరిచ్చిన దుర్గము చెరువును 2020లో తీగెల వంతెన కట్టి విహారస్థలముగా మార్చినారు. నేటి నగరమో, కృష్ణా గోదావరుల నీటిని ఎంతయో దూరము నుండి తెప్పించుకొని త్రాగుచున్నది. పల్లెటూరి రైతుబిడ్డకు ఇది తన పొలముగట్టు మీద నుండి మొదలైన కథ యని తెలిసిననాడు, హైదరాబాదు వానికి పరాయి యూరు గాదు.

ఇక భాషను గూర్చిన ముచ్చట. 1550 నుండి 1580 వఱకు గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబుషా, రాజ్యమునకు వచ్చుటకు ముందు ఏడేండ్లు విజయనగరమున అళియ రామరాయల యాశ్రయమున గడపినవాడు. తెలుగు కవు లతనిని మల్కిభరాముడని పిలిచిరి. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును అతనికే అంకితము చేసెను. పొన్నెగంటి తెలగనార్యుడు అచ్చతెనుగు కావ్యములలో మొదటిదైన యయాతిచరిత్రమును ఆ కాలముననే అమీనుఖానున కంకితమొసగెను. అట్టి ఇబ్రహీమే 1565లో రామరాయలపై దండెత్తిన సుల్తానులలో నొకడయ్యెను. ఈ రెండు సంగతులలో నొకదానిని మాత్రమే చెప్పి రెండవదానిని దాచు ఉపాధ్యాయుడు విద్యార్థికి చరిత్రమును నేర్పుట లేదు. తన యిష్టానిష్టములను నేర్పుచున్నాడు. రామదాసు చెఱను చూపినవాడు, అక్కన్న మాదన్నలు అదే రాజ్యమున ఎంతటి యధికారము నెఱపిరో కూడ చెప్పవలెను. ఎనిమిది నెలల ముట్టడికి లొంగని కోట 1687లో లోపలివాడు తలుపు తీయుట చేత ఔరంగజేబు వశమయ్యెనని చెప్పినపుడు, దానికి వ్యాఖ్యానము అక్కఱలేదు. జాతులు వెలుపలి ఫిరంగుల కంటె లోపలి లంచములకే తరచుగా పడిపోవునని బాలుడే గ్రహించును.

ఇంత చెప్పుటకు తీరిక యెక్కడిదని కొందఱు ఉపాధ్యాయు లడుగవచ్చును. పరీక్షల యొత్తిడి మే మెఱుగనిది కాదు. కాని అయిదు చోట్లకు పరుగెత్తించు దినమును ఒక్క చోట గడపుటకు క్రొత్తగా తీరిక అక్కఱలేదు. యాత్రకు ముందొక గంట తరగతిలో పటము గీసి చెప్పి, తిరిగివచ్చిన పిదప ఒక్కొక్క విద్యార్థి చేత రెండు పుటలు వ్రాయించిన చాలును.

కష్టమంతయు వ్యయము వద్దనే యున్నది. పురావస్తుశాఖ రక్షణలో నున్న గోలకొండలో పదునైదేండ్ల లోపు బిడ్డలకు ప్రవేశరుసుము లేదు. బస్సు బాడుగయు భోజనమును మాత్రమే భారము. ఈ కొద్దిపాటి సొమ్మునకే తరగతిలోని నిరుపేద బాలుడు, నాకు జ్వరముగా నున్నదని చెప్పి యాత్రనాడు ఇంట నిలిచిపోవును. ఆ జ్వరము ఎట్టిదో తోడిపిల్లలకు తెలియును, ఉపాధ్యాయునకును తెలియును. పెండ్లి యూరేగింపునకు వేలు వెచ్చించు మన గ్రామపెద్దలు, ఊరి పాఠశాలకు ఏటికొక్క బస్సు బాడుగ ఇచ్చుట అసాధ్యమా? పట్టణములలోని వర్తకులును వకీళ్లును తలకొక పదుగురు బాలుర వ్యయమును భరింపలేరా? డబ్బు లేని కారణమున ఒక్క బిడ్డయు వెనుక దిగిపోని యాత్రయే పాఠశాల యాత్ర యనిపించుకొనును.

క్షేమమును గూర్చి యొక మాట. 2014 జూన్ 8వ తేదిని హిమాచలప్రదేశమున బియాస్ నదిలో దిగిన హైదరాబాదు విద్యార్థులపైకి ఎగువ ఆనకట్ట నుండి విడిచిన నీరు ఉప్పెనయై వచ్చి, 24 మంది విద్యార్థులను పొట్టనబెట్టుకొన్నది. ఆ తలిదండ్రుల దుఃఖము పాఠశాలల నిర్వాహకులకు నిత్యము జ్ఞప్తి యుండవలెను. ఎక్కుచోట లెక్క, దిగుచోట లెక్క, గోడ యంచులకు పోనీయక కాపాడు పెద్దలు, ముందుగా వచ్చి దారి చూచిపోయిన ఉపాధ్యాయుడు — ఇవి లేని యాత్ర బయలుదేరకుండుటయే మేలు.

2023 మార్చి నుండి అమెరికా కాన్సలేటు నానక్‌రామ్‌గూడలోనే పనిచేయుచున్నది. పై చదువులకై సముద్రము దాటుటకు అనుమతి కోరు తెలుగు యువకులు కాగితములు చేతబట్టుకొని అచట వరుసలలో నిలుచుచున్నారు. పోవలదని మేమనము, విద్య యెక్కడ నున్నను పోయి తేవలసినదే. కాని ఆ వరుసలో నిలిచిన వారిలో నెందఱు సమీపముననే యున్న గోలకొండను తెలిసి చూచినవారు? తన యింటి గోడలను చదువుట నేర్చిన వాడు ఏ దేశమున నున్నను పరువుగా నిలుచును, తిరిగి వచ్చుటకు దారియు ఎఱిగియుండును. ఈ శీతకాలమున బయలుదేరు ఉపాధ్యాయులు చూపవలసిన స్థలముల పట్టికను కొంత తగ్గించి, చెప్పవలసిన మాటలను కొంత పెంచుదురు గాక యని కోరుచున్నాము.