మాత్ర చూపినది మాయాభంగం కాదు

వేదాంతశ్రవణం చేస్తున్న యువసాధకులలో కొందరి నోట ఒక విచిత్రమైన దృష్టాంతం వినవస్తున్నది. స్వీడన్ దేశంలోని కిల్‌మండే గేమ్స్ అనే చిన్న సంస్థ 2015లో వెలువరించిన 'ఫ్రాన్ బౌ' అనే కంప్యూటర్ క్రీడ అద్వైతానికి ప్రత్యక్షోదాహరణమట. అందులోని ఔషధపు మాత్ర వివేకమట. అది మింగిన బాలిక చూచేది ఆవరణం తొలగిన జగత్తట. ఈ మాటలోని ప్రమాదం క్రీడలో లేదు, దానిని వ్యాఖ్యానిస్తున్న తీరులో ఉన్నది.

పూర్వపక్షాన్ని న్యాయంగానే చెప్పవలె. 1944వ సంవత్సరం. ఫ్రాన్ పదేళ్ల పిల్ల. తల్లిదండ్రులు దారుణంగా హత్యకు గురికావడం చూచి, తన నల్లపిల్లి మిస్టర్ మిడ్‌నైట్‌తో అడవిలోనికి పరుగెడుతుంది; కన్ను తెరిచేసరికి మానసిక చికిత్సాలయంలో ఉంటుంది. పిల్లి లేదు. ఆడేవారు తెరమీది వస్తువులను మౌస్‌తో తాకుతూ, సంచిలో వేసుకొంటూ, ఒకదానితో మరొకటి కలుపుతూ ఆ పిల్లను బయటపడవేయాలి. డ్యుయోటిన్ అనే మాత్ర మింగిస్తే అదే గది, అదే మంచం, అదే గోడ. కాని అంతటా నెత్తురు, శవాలు, నీడవంటి ప్రాణులు. మరల మామూలు గది. ఒకే స్థలానికి రెండు రూపాలు గనుక ఇది అధ్యాసనిరూపణమేనని వాదం. రూపకల్పనలో చాతుర్యం ఉన్నదనడంలో సందేహం లేదు.

అయితే భ్రాంతిని భ్రాంతి అని నిర్ణయించేది రూపభేదం కాదు, బాధ. రజ్జువు తెలిసిన క్షణంలో సర్పం లేకుండా పోతుంది. అది ముందూ లేదని తెలుస్తుంది. గుండెదడ కొంతసేపు నిలిచినా, కర్ర కోసం ఎవరూ వెదకరు. ఈ క్రీడలో జరిగేది దీనికి విపరీతం. మాత్ర చూపిన భయంకరదృశ్యంలో దొరికిన ఆచూకీ మామూలు గదిలోని చిక్కును విప్పుతుంది. రెండు దృశ్యాలూ కార్యసమర్థాలే, ఒకటి రెండవదానిని బాధించదు. పాముపై మరొక పామును ఆరోపించినట్లయిందే తప్ప తాడు ఎక్కడా కనబడలేదు. చివరకు ఏది జరిగింది, ఏది ఆ పిల్ల మనస్సు కల్పించింది అన్నది కూడా తేలకుండానే కథ ముగుస్తుంది. కథకు అది అందమే కావచ్చు. ప్రమాణవిచారంలో మాత్రం సంశయాన్ని నిశ్చయమనడం కుదరదు.

గౌడపాదాచార్యులు జాగ్రత్స్వప్నాలకు సామ్యం చెప్పలేదా అని కొందరు ఆక్షేపిస్తారు. చెప్పారు. దృశ్యత్వం రెండింటికీ సమానమైతే, మాత్ర చూపిన దృశ్యం మాత్రం ఉన్నతసత్యం ఎలా అవుతుంది? ఆ సామ్యం ద్రష్ట వైపు మరలించడానికే గాని మరింత దృశ్యం వెంట పరుగెత్తించడానికి కాదు. ఇక మౌస్ పట్టుకొన్నవాడే సాక్షి అనే చమత్కారం ఒకటున్నది. తాళపుచెవి దొరకక విసుగుకొనేవాడు, నీడ కదలితే ఉలిక్కిపడేవాడు సాక్షి ఎలా అవుతాడు? ముండకోపనిషత్తులోని రెండు పక్షులలో అతడు పండు తినే పక్షి.

ఇటువంటి ఆటలు తామసాలు, ఇంటిలోనికి రానీయరాదు అని గద్దించే పెద్దల వాదమూ నిలవదు. భయానకబీభత్సాలను భరతముని రసాలుగానే పరిగణించాడు. మాలతీమాధవంలోని శ్మశానాంకాన్ని ఎవరూ నిషేధించలేదు. పైగా ఈ క్రీడకు ప్రాణం బీభత్సం కాదు, కరుణ. సర్వం కోల్పోయిన పసిది ఒక పిల్లికోసం వెదకడమే దీని కథ. పదేళ్ల పిల్లలకు చూపదగినది కాదన్నంతవరకు పెద్దలమాట సమంజసం.

అసలు అనర్థం మరొకచోట ఉన్నది. మతి చెదరినవాని దర్శనమే సత్యమనీ, వైద్యం ఆవరణమనీ ఈ వ్యాఖ్యానం నేర్పుతుంది. ఎవ్వరూ లేనిచోట గొంతులు వింటున్న యువకుడు సత్సంగంలో ఈ మాట వింటే ఏమవుతుంది? తన వ్యాధిని అనుభూతి అనుకొంటాడు, మాత్రలు మానివేస్తాడు, నిద్ర పోతుంది, భయం పెరుగుతుంది. అప్పుడు అతనిని రాత్రంతా కాచుకొని కూర్చునేది తల్లి. దృష్టాంతం చెప్పినవారు కాదు. శమదమాదులు లేనిదే బ్రహ్మజిజ్ఞాసకు అధికారం లేదన్న సంప్రదాయం కల్లోలచిత్తాన్ని సిద్ధి అని ఏనాడూ అనలేదు. చరకసంహిత ఉన్మాదానికి నిదానస్థానంలో ఒక అధ్యాయం, చికిత్సాస్థానంలో ఒక అధ్యాయం కేటాయించింది. అది చికిత్స చేయవలసిన రోగమని ఆ మహర్షులకు స్పష్టంగా తెలుసు.

మనస్సుకు బాహ్యద్రవ్యాలతో పని ఏమిటని ఇంకా అడిగేవారు ఛాందోగ్యం షష్ఠాధ్యాయం చూడవలె. ఉద్దాలకుడు శ్వేతకేతువును పదిహేను దినాలు నీరు మాత్రమే త్రాగి ఉండమన్నాడు. పన్నెండేళ్లు చదివిన వేదం ఆ కుమారునికి స్ఫురించలేదు. కూడు తిన్నాక అంతా తిరిగి వచ్చింది. మనస్సు అన్నమయమని తండ్రి చూపిన నిదర్శనం అది. మహావాక్యోపదేశం ఆ భోజనం తరువాతనే జరిగింది.