పురుగు పట్టేది పాదాల నుంచి, నింద పడేది కంచం మీద

వైనతేయ గోదావరి సముద్రంలో కలిసే చోటుకు దగ్గర్లో, అల్లవరం మండలంలో ఉంది ఓడలరేవు. కడలి అడుగు నుంచి తీసిన గ్యాస్‌ ఇక్కడి ఓఎన్‌జీసీ టెర్మినల్‌కు చేరుతుంది. ఈ తీరంలో భూమి లోపల ఏముందో లెక్క తేలింది. ఆ భూమి మీద ఉత్తి కాళ్లతో పనిచేసే ఆడకూలీల ఒంట్లో రక్తం ఎంతుందో పట్టించుకునేవాళ్లు తక్కువ.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. 'సరిగా తినరు' అన్నది దీనికి రెడీగా దొరికే జవాబు. అందులో సగమే నిజం. రెండో సగం మట్టిలో ఉంది.

కొంకిపురుగు గుడ్లు మలంతో నేలమీద పడతాయి. నీడ, తేమ, ఇసుక కలిసిన నేలలో పిల్లపురుగులుగా మారి, పాదాల చర్మాన్ని తొలుచుకుని ఒంట్లోకి వెళ్తాయి. పేగు గోడను కరిచి పట్టుకుని ఏళ్ల తరబడి రక్తం తాగుతాయి. కొబ్బరితోట నీడ, కాలవగట్టు తడి వాటికి అనువైన చోట్లు. మరుగుదొడ్డి లేని ఇల్లు, చెప్పులు లేని పని, నెలసరిలో పోయే రక్తం, వరుస కాన్పులు, చివరికి మిగిలిన అన్నం తినే అలవాటు అన్నీ ఒకే మనిషి మీద పడతాయి. పేటల్లో ఆ మనిషి చాలాసార్లు దళిత స్త్రీ.

తిండి దగ్గరికొస్తే నింద మాంసం మీదికి మళ్లుతుంది. పంది మాంసం సరిగా ఉడకకపోతే పేగులో బద్దెపురుగు చేరే మాట నిజమే. బాగా ఉడికిస్తే ఆ భయం లేదు. కానీ మెదడులో తిత్తులు కట్టి మూర్ఛలు తెప్పించేది మనిషి మలంలోని ఆ పురుగు గుడ్లే. అవి నీళ్లతో, కడగని కూరలతో, శుభ్రంలేని చేతులతో నోట్లోకి వెళ్తాయి. మాంసం ముట్టనివాళ్లకూ ఆ జబ్బు వస్తుంది. కాబట్టి అడగాల్సింది కంచంలో ఏముందని కాదు, కుళాయిలో ఏమొస్తోందని. పైగా ఒంటికి ఇనుము తేలిగ్గా పట్టేది మాంసం నుంచే. దాన్ని తక్కువ చేసి, అన్నం-చారుతో సరిపెట్టుకోమనడం రక్తహీనతను పెంచడమే.

ప్రభుత్వం ఏం చేస్తోంది? 2015లో మొదలైన నులిపురుగుల నివారణ దినోత్సవం ప్రధానంగా 1-19 ఏళ్లవారికి. గర్భిణికి ఆల్బెండజోల్ ఇవ్వాలని రక్తహీనత నివారణ కార్యక్రమం చెబుతుంది. గర్భిణి కాని ముప్ఫై అయిదేళ్ల కూలీ చాలావరకు ఈ రెండింటికీ బయటే ఉంది. బోదకాలు నివారణకు ఇంటింటికీ పంచే మందుల్లో ఆల్బెండజోల్ ఉంటుంది గానీ, ఆ పంపిణీ ఆగిన ఊళ్లో అదీ అందదు. పురుగుల బెడద 20 శాతం దాటిన ప్రాంతాల్లో గర్భిణులు కాని స్త్రీలకూ ఏటా మందు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లోనే సూచించింది. ముందు ఆ బెడద ఎంతో తేల్చాలంటే పేటల్లో ఆడవాళ్లకు మల పరీక్షలు జరగాలి.

అయితే మాత్ర ఒక్కటే చాలదు. మట్టి మారకపోతే పురుగు మళ్లీ వస్తుంది. నీళ్లు వచ్చే మరుగుదొడ్డి, ఎండాకాలం కాలవలు కట్టేసినప్పుడూ ఆగని మంచినీళ్లు, ఉపాధి పనుల్లో చెప్పులు, రక్తపరీక్షతో పాటు మల పరీక్ష కావాలి. ఇవి దయాధర్మాలు కావు. 1927లో మహాడ్ చెరువు నీళ్ల కోసం బాబాసాహెబ్ నడిచింది హక్కు కోసం. ఆయన పేరు పెట్టుకున్న జిల్లాలో ఆ హక్కు పేటల దాకా నడిచి రావాలి.