తూనీగ ఫొటో చెరువుకు సాక్ష్యం

వాన వెలిసి ఎండ కాసిన పూట వరంగల్ ప్రాంతంలో ఏ చెరువు కట్ట మీద చూసినా తూనీగలు ఎగురుతూ ఉంటాయి. వాటి వెంట పిల్లలు పరుగెత్తడమూ కొత్త కాదు. తూనీగను పట్టుకొని తోకకు దారం కట్టి ఎగరవేయడం తరతరాలుగా వస్తున్న ఆట. ఆట ముగిసేసరికి చాలా తూనీగలు రెక్కలు విరిగి చస్తాయి. ఇప్పుడు అదే పిల్లల చేతికి కెమెరా ఉన్న సెల్‌ఫోన్ వచ్చింది. దారం పక్కన పెట్టి తూనీగను దగ్గరగా ఫొటో తీసే పిల్లలు ఊరికి ఒకరిద్దరు ఉన్నా అది అభినందించదగిన విషయమే. వారిని పనీపాటా లేనివారని కసురుకోవడం పెద్దలకు తగదు.

ఒకప్పుడు ఫొటో అంటే ఖర్చుతో కూడిన పని. ఒక రీలుకు 36 ఫొటోలు. కడిగించడానికి పట్నం వెళ్లాలి. పురుగు కోసం రీలు ఖర్చు చేసేవారు పల్లెల్లో ఎవరుంటారు? నేడు ఆ ఖర్చు లేదు. వంద ఫొటోలు తీసి తొంభై తొమ్మిది చెరిపివేసినా నష్టం లేదు. మిగిలిన ఆ ఒక్కటే విలువైనది. ఎందుకంటే తూనీగ ఫొటో తూనీగను గురించే కాదు, ఊరి నీటిని గురించి కూడా చెబుతుంది.

తూనీగ గుడ్లు పెట్టేది నీటిలోనో, నీటి ఒడ్డునో. పిల్లపురుగు పెరిగేదీ నీటిలోనే. జాతిని బట్టి కొన్ని వారాల నుంచి కొన్నేళ్ల దాకా అది నీటి అడుగునే ఉండి దోమపిల్లలను, చిన్న పురుగులను తింటుంది. పెద్దదయ్యాక తుంగ మీదికో, వరి దుబ్బు మీదికో పాకి, పొర విడిచి, రెక్కలతో బయటికి వస్తుంది. ఆ ఎండిన పొర కాడకే అంటుకొని ఉంటుంది. రైతులు దానిని ఎన్నోసార్లు చూసే ఉంటారు. ఎగిరే తూనీగ వేరే ఊరి నుంచి వచ్చి ఉండవచ్చు. విడిచిన పొర మాత్రం ఆ నీటిలోనే పుట్టింది. కనుక పొర ఫొటో కూడా తీయడం మంచిది.

తూనీగలన్నీ ఒకటి కావు. దేశంలో దాదాపు 500 రకాలు ఉన్నట్లు శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. చెరువు ఒడ్డున పండు మిరపకాయలా ఎర్రగా ఉండేది ఒకటి. పసుపు, నలుపు మచ్చల రెక్కలతో సీతాకోకచిలుకను తలపించేది మరొకటి. నారింజ రంగులో ఉండే ఒక రకం మురుగునీటిని కూడా తట్టుకొని బతుకుతుంది. ఒకప్పుడు పది రకాలు తిరిగిన కుంట దగ్గర ఏళ్లు గడిచేకొద్దీ ఈ ఒక్కటే మిగిలిందంటే ఆ నీటికి ఏదో కీడు జరిగిందని అనుమానించాలి. అయితే పది రకాలు ఉండేవని ఎవరు చెప్పాలి? నోటి మాటను ఎవరూ నమ్మరు. తేదీ వేసిన ఫొటో ఉంటే కాదనడం కష్టం.

తేదీకి ఉన్న విలువ ఎంతో మాల్దీవుల ఉదంతం చెబుతుంది. ఆ దీవుల్లో చెరువులు దాదాపు లేవు, వాగులు లేవు. అయినా ఏటా అక్టోబరు ప్రాంతంలో వేలాది తూనీగలు వచ్చి వాలుతాయి. అక్కడ నివసించిన జీవశాస్త్రజ్ఞుడు చార్లెస్ ఆండర్సన్ అవి ఎక్కడ ఎప్పుడు కనబడుతున్నాయో తేదీలు పోగుచేశాడు. భారతదేశం నుంచి బయలుదేరి, సముద్రం దాటి తూర్పు ఆఫ్రికాకు పోతున్నాయని 2009లో వ్యాసం ప్రకటించాడు. వానాకాలంలో ఇక్కడి పొలాల మీద గుంపులుగా ఎగిరే పసుపు తూనీగ ఆ జాతిదే. తేదీ, చోటు రాసిపెట్టిన ఓపిక వల్లనే ఇంత సంగతి బయటపడింది.

ఫొటో తీయడానికి పెద్ద విద్య అక్కరలేదు. తెల్లవారుజామున మంచుకు తడిసిన తూనీగ ఎండ తగిలేదాకా ఎగరలేదు. అప్పుడు జానెడు దూరం దాకా వెళ్లవచ్చు. పొద్దెక్కాక వెంటపడితే దొరకదు. చాలా రకాలు లేచిపోయినా తిరిగి అదే పుల్ల మీద వాలతాయి. కనుక నీటి ఒడ్డున ఒక ఎండుపుల్ల గుచ్చి కదలకుండా కూర్చుంటే అదే వస్తుంది. నీడ దాని మీద పడితే బెదురుతుంది. వంగి, మెల్లగా, పక్క నుంచి చేరాలి. ఫోన్ తెర మీద తూనీగ కంటి దగ్గర వేలు పెట్టి తీస్తే కన్ను స్పష్టంగా వస్తుంది. ఒక ఫొటో పక్క నుంచి, ఒకటి పై నుంచి తీస్తే రకం పోల్చడం సులువు. ఊరి పేరు, చెరువు పేరు, తేదీ వెంటనే రాసుకోవాలి.

జాగ్రత్తలు కూడా చెప్పవలసి ఉంది. ఫొటో ధ్యాసలో పడి చిన్నపిల్లలు ఒంటరిగా చెరువు ఒడ్డుకు, తూము దగ్గరికి, మత్తడి మీదికి పోకూడదు. గట్టున గడ్డిలో పాములు ఉంటాయి. పెద్దలు ఎవరైనా వెంట ఉండాలి. మరొక మాట. తూనీగలు ఉన్నాయి గదా, దోమల బెడద తీరుతుందని ధీమా పడరాదు. డెంగీ దోమ పెరిగేది ఇంటి తొట్లలో, పాత టైర్లలో. అక్కడికి తూనీగ సాధారణంగా రాదు. ఆ నీరు పారబోయవలసింది ఇంటివారే.

ఈ జిల్లా చెరువుల పుణ్యాన బతికిన జిల్లా. పాకాల చెరువు కాకతీయుల కాలం నాటిది. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద ఎన్నో చెరువుల్లో పూడిక తీశారు. పూడిక తీయడంతోనే పని ముగియలేదు. శిఖం భూమి ఆక్రమణకు గురైతే, చెత్త తెచ్చి కుంటలో పోస్తే, అవసరం ఉన్నా లేకపోయినా మడిలో గుళికలు చల్లితే నీటిలో ముందుగా దెబ్బతినేది ఇలాంటి పిల్లపురుగులే. అవి పోయిన సంగతి ఏ రికార్డులోనూ ఎక్కదు.

ఆ రికార్డును బడిపిల్లలు రాయగలరు. ప్రతి ఉన్నత పాఠశాల నెలకు ఒకసారి సైన్సు ఉపాధ్యాయుని వెంట పిల్లలను ఊరి చెరువుకు తీసుకుపోయి, కనబడిన తూనీగలన్నిటికీ ఫొటోలు తీయించి, ఒక నోటుపుస్తకంలో తేదీలవారీగా వివరాలు ఎక్కించాలి. ఇందుకు ఒకటి రెండు ఫోన్లు చాలు. రకాల పేర్లు తెలియకపోతే ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ వంటి చోట ఫొటో పెడితే తెలిసినవారు చెబుతారు. గ్రామసభలో చెరువు ప్రస్తావన వచ్చినప్పుడు సర్పంచులు ఆ పుస్తకాన్ని తెప్పించి చూడాలి. అయిదేళ్ల తరువాత నీరు పాడైందా, బాగుపడిందా అన్న తగాదా వస్తే ఆ పుస్తకమే జవాబు చెబుతుంది. దారం కట్టిన తూనీగ ఆ సాయంత్రానికే చచ్చిపోతుంది. ఫొటో తీసి వదిలిన తూనీగ గుడ్లు పెట్టడానికి తిరిగి చెరువుకే పోతుంది.